వెనక కిటికీలో గ్లాసు

జనవరి 22, గురువారం

సార్ ఆఫీసు గోడకి కాగితం అంటించారు. నాలుగే పేర్లు. మార్త, బాషా, సార్, నేను. ఉగాది అయిన వారం లోపు నలుగురి ఇళ్ళల్లోనూ నలుగురం భోజనం చెయ్యాలట.

"ఊళ్ళోకెళ్ళి కులాలన్నీ కలిసి కూర్చోండి, కలిసి తినండి అని చెప్పుకు తిరుగుతున్నాం గదా. మనం ఒకళ్ళింట్లో ఒకళ్ళం ఎప్పుడన్నా అన్నం తిన్నామా?" అన్నారు.

నిజమే, తినలేదు. జీపులో తిన్నాం. హోటళ్ళలో తిన్నాం. చేల గట్ల మీద క్యారేజీలు విప్పుకుని, ఒకరి కూర ఒకరం లాక్కుని మరీ తిన్నాం. ఇళ్ళల్లో లేదు. మార్తా నేనూ ఒకే జీపెక్కడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు.

మార్త టక్కున చెయ్యెత్తింది. "ముందు మా ఇంటికి రండి సార్." డ్రైవరు బాషా రంజాన్ నెల్లో పిలుస్తానన్నాడు. సార్ మార్చి మొదట్లో అన్నారు. అందరూ నా వంక చూశారు.

"నాది చివర పెట్టండి" అన్నాను. ఏదో త్యాగం చేస్తున్నట్టు.

అత్తయ్య...

జనవరి 23

అత్తయ్యకి చెప్పలేదు. రెండు నెలలుందిగా.

జనవరి 27, మంగళవారం

నల్లమడుగుపాలెం. మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మీటింగు కల్లం పక్కనే. పట్టాల మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి మాటకో తుమ్ము.

ఎప్పటిలాగే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు ఒక వైపు, దళితుల పేట నుంచి కోతకొచ్చిన ఆడవాళ్ళు ఇంకో వైపు. మార్త మధ్యలో నిలబడింది. ఒకామె చెయ్యి పట్టుకుని లాగింది, ఇంకొకామె చీర మెచ్చుకుంది, ఒక ముసలమ్మని "జరుగత్తా, నేనూ కూర్చుంటా" అంది. పావుగంటకి రెండు వైపులూ లేవు. ఈ పని నాకు రాదు. నాకొచ్చింది రిపోర్టు రాయడం.

బాషా అందరికీ పేపరు గ్లాసుల్లో నీళ్ళిచ్చాడు. రైతుల ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి శేషమ్మ గారు గ్లాసు పైకెత్తి చూపించింది.

"ఈ గ్లాసులొచ్చాక ప్రాణం హాయిగా ఉందమ్మా. తాగటం, అవతల పారెయ్యటం. ఎవరికీ ఇబ్బంది లేదు. మాకూ లేదు, వాళ్ళకీ లేదు."

నేను నవ్వాను. రిపోర్టులో వేసుకోవడానికి బాగుంటుందని కూడా అనుకున్నాను. మార్త నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో... "మేడమ్, మనం మొదట్లో బిందె తీసుకెళ్ళేవాళ్ళం, గుర్తుందా?"

గుర్తుంది. ఒక బిందె, ఆరు స్టీలు గ్లాసులు. మీటింగు మొదలవ్వాలంటే ముందు అందరూ ఆ ఆరు గ్లాసుల్తోనే నీళ్ళు తాగాలి. మొదటి గ్లాసు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళడానికి ఒక్కోసారి గంట పట్టేది. అలకలు, గొణుగుళ్ళు, లేచిపోవడాలు. అదే మా పని. అదొక్కటే మా పని అన్నా తప్పులేదు. కరోనా అప్పుడు బిందె ఆపేసి పేపరు గ్లాసులు పెట్టాం. కరోనా పోయింది, పేపరు గ్లాసులు పోలేదు. ఎవరం అడగలేదు. మీటింగు చక్కగా పదినిమిషాల్లో మొదలవుతోంది. అందరూ వస్తున్నారు. ఎవరూ అలగడం లేదు.

ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ మాట పొద్దుటి నుంచీ చెవిలో తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

మార్త ఇంట్లో భోజనం. చర్చి అయ్యాక వెళ్ళాం. చర్చి వెనక సందులో మూడో ఇల్లు. మార్త వాళ్ళాయన గుమ్మం దాకా ఎదురొచ్చాడు. కింద చాపలు. స్టీలు కంచాలు తళతళలాడుతున్నాయి. పులావు, కోడికూర, గోంగూర, పెరుగు.

ఇక రాయాల్సింది రాయాలి.

సార్ ముందు స్టీలు గ్లాసులో నీళ్ళు. బాషా ముందు స్టీలు గ్లాసులో నీళ్ళు. నా కంచం పక్కన సీలు తియ్యని వాటర్ బాటిలు.

మార్త వాళ్ళత్త ఎంతో సంబరంగా చెప్పింది. "మేడమ్ గారికని పొద్దున్నే తెప్పించానమ్మా. మీ నాన్నగారి చేల్లో పత్తి తీశాను నేను. మీరింత ఉండేవారు అప్పుడు."

సార్‌ది ఈ జిల్లా కాదు. బాషా సంగతి వేరు. మా ఇంటిపేరు మాత్రం ఆవిడకి బాగా తెలుసు.

మార్తకి తెలీదు ఈ బాటిలు సంగతి. కూర గిన్నెతో వంటింట్లోంచి వస్తూ చూసింది. గుమ్మంలోనే ఆగింది.

బాటిలు పక్కకి జరిపి "నాకూ గ్లాసు ఇవ్వండి పెద్దమ్మా" అంటే అయిపోయేది. అంత తేలిక. నా చెయ్యి బాటిలు మీదికే వెళ్ళింది. మూత తిప్పాను. టక్‌మని చప్పుడైంది. తాగాను.

ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ఆ బాటిలు చూడగానే నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేను. ఇక్కడ రాశాను కదా, చాలు.

కూర మాత్రం బాగుంది. రెండుసార్లు వేయించుకున్నాను. ఎందుకు వేయించుకున్నానో నాకే తెలుసు.

ఫిబ్రవరి 2

మార్త మామూలుగానే ఉంది. అదే భయంగా ఉంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇవాళ సెలవు పెట్టాను. ఊరికే. ఇంట్లో కాలు నిలవలేదు. అలమార సర్దాను, మళ్ళీ సర్దాను.

పదకొండింటికి పనిచేసే నాగమ్మ వచ్చింది. అంట్లు తోమింది. అత్తయ్య టీ పెట్టారు. నాగమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని తాగింది. లేచి కుళాయి దగ్గర గ్లాసు కడిగింది. వెనక కిటికీ గట్టు మీద బోర్లించి వెళ్ళింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళయింది. ఆ గ్లాసు అక్కడే ఉంది. రోజూ చూస్తాను. ఇవాళ చూశాను.

దగ్గరికెళ్ళి తీసి చూశాను. అంచు దగ్గర సొట్ట. ఇంట్లో స్టీలు సామానంతటి మీదా అత్తయ్య పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటుంది. గరిటె మీద కూడా. దీని మీద లేదు.

రెండు గ్లాసుల పద్ధతి మీద నేను రాసిన రిపోర్టులు ఆఫీసు బీరువాలో ఒక అరంతా ఉన్నాయి. టీ కొట్లలో ఎలా ఉంటుంది, పొలాల్లో ఎలా ఉంటుంది, ఎవరు కడుగుతారు, ఎక్కడ బోర్లిస్తారు... అన్నీ రాశాను. శిక్షణలో బొమ్మలు గీసి మరీ చెప్పాను.

తీసిన చోటే పెట్టేశాను.

ఫిబ్రవరి 11, బుధవారం

మార్త నాకు చెప్పకుండా పాత బిందె తీసుకొచ్చింది. ఆరు గ్లాసులూ చింతపండు పెట్టి తోమి తెచ్చింది. జీపు వెనక పేపరు గ్లాసుల కట్ట వెతికాను. లేదు.

నల్లమడుగుపాలెంలో మొదటి గ్లాసు పేట ముసలమ్మ తాగింది. కడగలేదు, మార్త కడగనివ్వలేదు. రెండోసారి నింపి శేషమ్మ గారికి ఇవ్వబోయింది.

"నా బాటిలు నాకుందమ్మా" అంది శేషమ్మ.

"ఉండనివ్వండి. ఇదీ తాగండి."

"దాహం లేదే."

"వచ్చేదాకా కూర్చుంటా."

కూర్చుంది కూడా. గ్లాసు చేత్తో పట్టుకుని ఆమె ఎదురుగా అలాగే. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. గేదెకి నీళ్ళు పెట్టాలని ఒకరు, పొయ్యి మీద పాలున్నాయని ఒకరు. చివరికి శేషమ్మ గారు కూడా కొంగు దులుపుకుని లేచింది. చాపలు సగం ఖాళీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో రెండు వారాల్లో ఢిల్లీ నుంచి మా పని చూడ్డానికి మనుషులొస్తున్నారు. ఇప్పుడా ఈ పట్టుదల?

జీపులో... "ఇవాళ మళ్ళీ పని మొదలైంది మేడమ్" అంది మార్త. ఎంత సంతోషంగా అందో.

"వచ్చేవాళ్ళకి ఖాళీ చాపలు చూపిద్దామా?" అన్నాను.

"చూపిద్దాం. ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నాయనే చెబుదాం."

అద్దంలోంచి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు బాషా.

ఫిబ్రవరి 14

ఆఫీసులో కూర్చుంటే ఇల్లు గుర్తొస్తుంది. ఇంట్లో కూర్చుంటే ఆఫీసు గోడ మీద కాగితం గుర్తొస్తుంది. ఎక్కడా కుదురు లేదు.

ఫిబ్రవరి 21, శనివారం

బాషా ఇంట్లో ఇఫ్తార్. ఒకే పెద్ద పళ్ళెంలో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, పకోడీలు. అందరి చేతులూ అందులోనే. జగ్గుతో నీళ్ళిచ్చారు. ముందు బాషా వాళ్ళ నాన్న తాగారు, ఆ గ్లాసే నా చేతికొచ్చింది. గటగటా తాగేశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇక్కడ నాకేం ఇబ్బంది అనిపించలేదు. అంటే నాది శుభ్రం బాధ కాదు. ఎంగిలి బాధ కూడా కాదు. ఒక్క చోటే నా చెయ్యి ఆగింది.

మార్త నా గ్లాసు వంక చూసింది. నాకలా అనిపించిందేమో కూడా.

ఫిబ్రవరి 25, బుధవారం

ఢిల్లీ వాళ్ళు వచ్చారు, వెళ్ళారు.

పొద్దున జీపు వెనక చాపల కింద పేపరు గ్లాసుల కట్ట నేనే పెట్టాను. నిన్న ఫోన్ చేసి శేషమ్మ గారితో "ఈసారి బిందె ఉండదండి, అందర్నీ తీసుకురండి" అని చెప్పింది కూడా నేనే. చాపలు దింపుతుంటే కట్ట జారి కింద పడింది. మార్త వంగి తీసింది. నా చేతికిచ్చింది.

అందరూ వచ్చారు. చాపలు నిండిపోయాయి. శేషమ్మ గారు ఎంత బాగా మాట్లాడిందో. "ఇప్పుడు మా ఊళ్ళో ఆ తేడాలేం లేవండి." ఆవిడా పేట ముసలమ్మా పక్కపక్కన కూర్చుని, చెరో పేపరు గ్లాసు పట్టుకుని ఫొటో దిగారు. వచ్చినవాళ్ళు మురిసిపోయారు.

మార్త మధ్యలో నిలబడలేదు. కూలికొచ్చిన వాళ్ళ వరసలో చివర కూర్చుంది. ఢిల్లీ వాళ్ళలో ఎవరో ఆమెని కూడా కోతకొచ్చిన మనిషే అనుకుని పేరడిగి రాసుకున్నారు. చెప్పింది. సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.

వచ్చేటప్పుడు ముందు సీట్లో బాషా పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

సార్ పిలిచారు. "మార్త ఒంగోలు ఆఫీసుకి మార్చమని కాగితం పెట్టింది. నీకేమన్నా చెప్పిందా?"

చెప్పలేదన్నాను. మార్త లేకుండా నేను ఏ ఊరికీ వెళ్ళలేను. వెళ్ళి ఏం చెయ్యను, రిపోర్టు రాసుకోనా? పని సంగతి తర్వాత. పొద్దున ఎనిమిదింటికి జీపెక్కగానే "ఏం కూర తెచ్చారు మేడమ్?" అనే మాట లేకపోతే ఎలా?

ఫిబ్రవరి 28

అడిగాను. ఆఫీసు మెట్ల మీద.

"గ్లాసుల గురించేనా?"

"కాదులెండి."

"మరి?"

చెప్పులు వేసుకుంటోంది. తలెత్తలేదు. "మీ ఇంటి వంతు ఎప్పుడు మేడమ్?"

"ఉగాది అయిపోగానే. ఆదివారం."

"మీ ఇంట్లో అన్నం తిన్నాక చెప్తాను. ఉండేదీ, పోయేదీ."

అంతే. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మార్చి 8, ఆదివారం

సార్ ఇంట్లో భోజనం. సారే వండారట, పప్పు మాడింది. అందరం నవ్వాం. అందరికన్నా మార్తే ఎక్కువ నవ్వింది. నా వైపు తిరిగి కాదు.

మార్చి 12, గురువారం

ఇవాళ అత్తయ్యకి చెప్పాను. కుక్కరు మూత పెడుతూ, ఏదో మామూలు విషయంలాగా.

"దానికేముందే, రమ్మను" అన్నారు. నేను ఎంత భయపడ్డానో, ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో... "రమ్మను. కేటరింగు వాళ్ళకి చెప్పు, పేపరు ప్లేట్లూ గ్లాసులూ అన్నీ వాళ్ళే తెస్తారు. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

శేషమ్మ గారి మాటే. ఉన్నదున్నట్టు.

నేను నోరు తెరిచేలోపే... "ఆ మార్తేగా? ఆ పిల్ల మనింటికి వచ్చిందిగా ఒకసారి."

రాలేదు, అన్నాను.

"నీకు తెలీదులే. నువ్వు పుట్టింటికెళ్ళావు అప్పుడు. ఏవో కాగితాలివ్వాలని వచ్చింది. ముద్దగా తడిసిపోయింది పాపం, వానకి. పెరటి వైపుకి రమ్మని వేడిగా టీ ఇచ్చాను. తాగి, గ్లాసు చక్కగా కడిగి, కిటికీలో బోర్లించి వెళ్ళింది. నేను చెప్పనే లేదు. బుద్ధిమంతురాలు."

ఆ కాగితాలు నాకు గుర్తున్నాయి. చివర్లు తడిసి ఉన్నాయి. ఆరేళ్ళయింది.

కుక్కరు ఎన్ని కూతలు కూసిందో చూసుకోలేదు. అన్నం మెత్తబడిపోయింది.

మార్చి 13

ఆరేళ్ళు. రోజూ పక్కపక్కనే కూర్చున్నాం. టీ కొట్టు దగ్గర రెండో గ్లాసు కనబడితే కొట్టువాడితో దెబ్బలాడేది నేను. ఫొటో తీసేది నేను. మార్త పక్కన నిలబడి చూస్తూ ఉండేది. మా ఇంటి కిటికీ గురించి ఒక్కసారి కూడా అనలేదు.

ఎందుకనలేదు? నాకు తెలిసే అలా జరిగిందనుకుందా? ఆ రోజు నేను ఇంట్లో ఉండుంటే వేరే గ్లాసులో ఇచ్చేదాన్నా?

ఇచ్చేదాన్ననే అనుకోవాలని ఉంది. అనుకోలేకపోతున్నాను.

మార్చి 16, సోమవారం

పొద్దున ఆ సొట్ట గ్లాసు తీసి, బాగా తోమి, అలమారలో మిగతా గ్లాసుల మధ్య పెట్టాను. నాగమ్మకి పేరున్న గ్లాసులో టీ ఇచ్చాను. ఆమె గ్లాసు వంకా నా వంకా చూసి, "ఇదేంటమ్మా, అమ్మగారు తిడతారు" అని భయపడింది. తాగలేదు సరిగ్గా.

మార్చి 17

గ్లాసు మళ్ళీ కిటికీలో ఉంది.

మళ్ళీ అలమారలో పెట్టాను.

మార్చి 18

కిటికీలో.

ఈ విషయం అత్తయ్యా నేనూ ఒక్క ముక్క మాట్లాడుకోవడం లేదు. టీవీ చూస్తున్నాం, చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం, రేపటి ఉగాది పచ్చడికి బెల్లం తరుగుతున్నాం. గ్లాసు మాత్రం తిరుగుతోంది.

ఈయనకి చెప్తే, "అమ్మ వయసెంత, ఈ వయసులో మారుతుందా, వదిలెయ్" అన్నారు. ఈయన వదిలేసినవన్నీ నా నెత్తినే కదా పడేది.

అత్తయ్య మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను. రాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు నా మంచం పక్కనుంచి కదలని మనిషి. మా అమ్మ కూడా అంత చెయ్యలేదు. నాగమ్మ కూతురి పెళ్ళికి చీర పెట్టి, తాళికి బంగారం ఇచ్చిన మనిషి. ఆ మనిషే ఈ మనిషి. ఎలా తిట్టను?

మార్చి 21, శనివారం

రేపే భోజనం. పొద్దున అందరికీ ఫోన్ చేశాను. అత్తయ్యకి జ్వరం, వచ్చే శనివారం పెట్టుకుందాం అని.

అత్తయ్య పక్కగదిలో శుభ్రంగా పూతరేకు తింటున్నారు.

సార్ "అయ్యో" అన్నారు. బాషా "డాక్టర్ దగ్గరికి బండి తీసుకురానా మేడమ్" అన్నాడు. మార్త "అలాగేనండి" అంది.

మార్చి 24

సార్ చెప్పారు. ఒంగోలు వాళ్ళు ఒకటో తారీకు నుంచి రమ్మంటున్నారట. మార్త సోమవారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఇక వాయిదా లేదు. నాకు వేరే జ్వరాలు కూడా లేవు.

మార్చి 26

కేటరింగు వద్దని అత్తయ్యతో గట్టిగానే చెప్పాను. పేపరు ప్లేట్లు కూడా వద్దు. మన కంచాలు, మన గ్లాసులు.

అత్తయ్య కూరల బుట్ట ముందుకి లాక్కున్నారు. తర్వాత, "వంకాయలు లేతవి తెప్పించు. గుత్తొంకాయ నువ్వు చేస్తే కారం ఎక్కువైపోతుంది, నేను చేస్తా" అన్నారు.

ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాను.

మార్చి 28, శనివారం. సాయంత్రం నాలుగు.

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

అత్తయ్య తెల్లవారగట్లే లేచి తలస్నానం చేసి వంట మొదలుపెట్టారు. గుత్తొంకాయ, పప్పుచారు, దోసకాయ పచ్చడి, పులిహోర, పరమాన్నం. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పన్నెండింటికి అన్నీ బల్ల మీద సర్ది, "మోకాళ్ళు లాగుతున్నాయే" అని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను వెంటనే వెనక కిటికీ చూశాను. గట్టు మీద గ్లాసు లేదు. ప్రాణం లేచొచ్చింది. పోనీలే, వదిలేశారు, అనుకున్నాను. కంచాలు పెట్టాను. పేరు చెక్కిన గ్లాసులు నాలుగు పెట్టి నీళ్ళు పోశాను.

ఒంటిగంటకి ముగ్గురూ వచ్చారు. మార్త గంజి పెట్టిన నీలం నేత చీర కట్టుకుంది. పండగకి కట్టుకునేది. సపోటాలు తెచ్చింది.

"కాళ్ళు కడుక్కుంటానండి" అంది.

బాత్రూం చూపించబోయాను. ఆమె అప్పటికే వంటింట్లోంచి పెరట్లోకి నడుస్తోంది. దారి తెలిసిన మనిషిలాగా... దారి తెలిసిన మనిషే కదా.

కుళాయి చప్పుడైంది. ఆగింది. తిరిగి వచ్చేసరికి మార్త చేతిలో సొట్ట గ్లాసు ఉంది.

గట్టు మీద పాత సబ్బు డబ్బా ఉంటుంది. దాని వెనక ఉందట. అత్తయ్య దాచారు. నాకు కనబడకుండా.

మార్త కూర్చోలేదు. ఆ గ్లాసు నా కంచం ముందు పెట్టింది. నా గ్లాసు పక్కకి జరిపింది. జగ్గు తీసుకుని నిండా నీళ్ళు పోసింది.

"ముందు మీరు తాగండి మేడమ్. ఆ రోజు అమ్మగారిచ్చిన టీ చాలా బాగుంది. అల్లం వేశారు. చలికి వణుకుతున్నా, ప్రాణానికి సుఖంగా ఉంది. అది తాగుతూనే ఏడ్చాను. మీరూ ఒకసారి దీంతో తాగి చూడండి."

గట్టిగా అనలేదు. కూర వడ్డించమన్నట్టే అంది.

సార్ కంచం వంక చూస్తూ ఉండిపోయారు. బాషా లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అత్తయ్య గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నిలబడ్డారు, తలుపు పట్టుకుని.

నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. నాకు తెలీదు మార్తా, అప్పుడు నేను లేను మార్తా. మాట గొంతు దాకా వచ్చింది. అది కూడా ఆ బాటిలు మూతలాంటిదే అనిపించింది. నోరు మూసుకుని గ్లాసు ఎత్తాను.

తాగాను. మొత్తం. సొట్ట పెదవికి తగిలింది. పదిహేనేళ్ళుగా నాగమ్మ పెదవికి తగిలేది ఇదేగా, అనుకున్నాను.

అప్పుడు కూర్చుంది మార్త. అత్తయ్య మళ్ళీ గదిలోకి వెళ్ళారు. బాగా తిన్నది. గుత్తొంకాయ మళ్ళీ వేయించుకుంది. అత్తయ్య గది వైపు తిరిగి, "అమ్మగారూ, వంకాయ బలే ఉందండీ" అంది.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత అత్తయ్య గొంతు... "ఇంకో రెండు వేసుకో అమ్మా. చాలా ఉంది."

వేసుకుంది.

వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళాను. "ఉంటావా?" అన్నాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"సోమవారం చెప్తానండి." జీపు ఎక్కబోతూ ఆగింది. "మీరు తాగుతారనుకోలేదు."

మెచ్చుకుందో, బాధపడిందో. ఆ మొహం తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, అయినా తెలియలేదు.

లోపలికి వచ్చి బల్ల తీశాను. మార్త తన కంచం తియ్యలేదు, గ్లాసు కడగలేదు. మొదటిసారి ఈ ఇంట్లో ఏదీ కడగకుండా వెళ్ళింది. నాకు అది మాత్రం చాలా బాగుంది.

సొట్ట గ్లాసు నేనే కడిగాను. కడిగి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అలమారలో పెడితే రేపు కిటికీలో ఉంటుంది. చెత్తబుట్టలో పడేస్తే ఇంకోటి వస్తుంది, పేరు లేనిది. ఇప్పుడు ఈ డైరీ పక్కన బల్ల మీద ఉంది. తడి ఆరిపోయింది.

అత్తయ్య నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నారో లేదో చూడలేదు. చూడాలి.

మార్చి 29, ఆదివారం

పొద్దున వీధిలో పాటలు. మట్టల ఆదివారం. పిల్లలు ఈతమట్టలు ఊపుకుంటూ చర్చికి వెళ్తున్నారు. మార్త కూడా వాళ్ళ చర్చిలో ఉండి ఉంటుంది. ఫోన్ తీశాను, పెట్టేశాను. రేపటి దాకా ఆగాలి.

అత్తయ్య నిన్న తిన్నారు, పెరుగన్నం. ఇవాళ మంచం దిగలేదు. మోకాళ్ళట. నిజమే అయ్యుండచ్చు.

మధ్యాహ్నం రెండింటికి పిలిచారు. నిన్నటి నుంచి మొదటి మాట.

"స్వర్ణా... కాసిని మంచినీళ్ళియ్యవే."

వంటింట్లోకి వెళ్ళాను. అలమార నిండా ఆవిడ పేరున్న గ్లాసులే. వెనక్కి వచ్చి ఈ బల్ల మీది గ్లాసు తీసుకున్నాను. నిండా పోశాను. తీసుకెళ్ళి మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా.

అత్తయ్య గ్లాసు చూశారు. నన్ను చూశారు. తిట్టలేదు. తీసెయ్యమని కూడా అనలేదు. నేను నిలబడలేక వచ్చేశాను.

తప్పు చేశానా? పెద్దావిడ, దాహంతో అడిగింది. మార్త నాకు చేసింది నేను ఈవిడకి చెయ్యచ్చా? మార్తకి ఆ హక్కుంది. నాకుందా? తెలియడం లేదు.

మూడున్నర. వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. గ్లాసు నిండుగానే ఉంది. ఫ్రిజ్‌లో సీసాలున్నాయి, నాలుగడుగులు. లేచి తెచ్చుకోలేదు. నన్ను మళ్ళీ పిలవలేదు. గోడ వైపు తిరగలేదు కూడా. గ్లాసు వైపే తిరిగి పడుకుని, కళ్ళు తెరిచి ఉన్నారు.

నాలుగున్నర. ఇంకా నిండుగానే ఉంది.